కణత్వచంలో కొలెస్టరాల్: కణాన్ని చీల్చకుండా కొలిచే పద్ధతి

కొలెస్టరాల్ అనగానే మీకు రక్తపరీక్ష గుర్తుకొస్తుంది. ఆ పరీక్ష చెప్పేది లైపోప్రోటీన్లతో కలిసి రక్తంలో తిరిగే కొలెస్టరాల్ సంగతి మాత్రమే. మన ఒంట్లోని కొలెస్టరాల్‌లో అధికభాగం కణాల పొరల్లోనే ఉంటుంది. కణత్వచంలో ఫాస్ఫోలిపిడ్ అణువుల మధ్య ఇమిడి, పొరకు తగిన బిగువునిస్తుంది. మరి కణాన్ని చీల్చకుండా దాన్ని కొలవడం ఎలా? ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఇందుకు సన్నని ప్లాటినం ఎలక్ట్రోడ్ కావాలి. దాని మీద కొలెస్టరాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్‌ను అమరుస్తారు. ఎలక్ట్రోడ్ కొన కణాన్ని తాకినప్పుడు పొరలోని కొన్ని కొలెస్టరాల్ అణువులు ఎంజైమ్‌ను చేరతాయి. ఎంజైమ్ ఆక్సిజన్ సాయంతో వాటిని ఆక్సీకరణం చేస్తుంది. అప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ ఏర్పడుతుంది. ఒక్కో పెరాక్సైడ్ అణువు ప్లాటినం వద్ద 2 ఎలక్ట్రాన్లను కోల్పోతుంది. అంటే కొలెస్టరాల్ ఎంత ఎక్కువగా అందితే విద్యుత్ ప్రవాహం అంత పెరుగుతుంది.

ఎంజైమ్ ఎలక్ట్రోడ్ ఆలోచన కొత్తది కాదు. క్లార్క్, లయన్స్ అనే శాస్త్రజ్ఞులు 1962లోనే దాన్ని ప్రతిపాదించారు. నేటి గ్లూకోమీటరు కూడా ఆ బాటలో వచ్చినదే. 2004లో అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒకే ఒక్క కణం పొరలోని కొలెస్టరాల్‌ను ఇలా గుర్తించారు.

దీనివల్ల ప్రయోజనమేమిటి? సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య వ్యాధినే తీసుకోండి. ఇందులో కణత్వచం గుండా క్లోరైడ్ అయాన్ల రాకపోకలు దెబ్బతిని, ఊపిరితిత్తుల్లో చిక్కని శ్లేష్మం పేరుకుంటుంది. ఈ వ్యాధికి కారణమైన జన్యులోపం ఉన్న ఎలుకల ముక్కు లోపలి పొరలో ఎలక్ట్రోడ్ ఎక్కువ కొలెస్టరాల్‌ను చూపిందని 2010లో వెల్లడైంది. ఆ ప్రవాహం నిజంగా కొలెస్టరాల్ వల్లనే వచ్చిందా? అది తేల్చడానికి ఎంజైమ్ లేని ఎలక్ట్రోడ్‌తోనూ కొలిచి, రెండింటినీ పోల్చారు.

అయితే తొందరపడి ఒక నిర్ణయానికి రాకూడదు. ఎలుకలో కనిపించిన తేడా మనకు ఒక సూచన మాత్రమే. బిడ్డకు వ్యాధి ఉందో లేదో తేల్చే తీర్పు కాదు. ఆ నిర్ధారణకు వైద్యులు నేటికీ చెమటలోని క్లోరైడ్‌నే కొలుస్తారు. అది లీటరుకు 60 మిల్లీమోల్స్, అంతకు మించి ఉంటే వ్యాధి ఉన్నట్లు భావించి, జన్యుపరీక్ష కూడా చేయిస్తారు. ఒక కొలత రోగి దాకా చేరాలంటే, అది ఎక్కడ పొరపడగలదో ముందుగా తెలియాలి.

చివరగా ఒక ప్రశ్న. కొలెస్టరాల్ మారకుండా, ద్రావణంలో ఆక్సిజన్ మాత్రం బాగా తగ్గితే ప్రవాహం ఏమవుతుంది? కారణంతో సహా జవాబు రాసి మీ ఉపాధ్యాయులకు చూపండి.