పడమటికి పోయినవాళ్ళు



మన సత్యవేడు వాళ్ళు 1960 ఏప్రిల్ 1న గడప దాటకుండానే మద్రాసు రాష్ట్రంలోంచి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చేశారు. అదే రోజు తిరుత్తణి అటు పోయింది. ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీకు ఆ వెసులుబాటు లేదు. శ్రీసిటీకో, చెన్నైకో, ఇంకా దూరానికో గడప దాటాల్సిందే. అందుకే వలసపోయిన రైతుల సంగతి ఎత్తుకున్నాను.

అమెరికాలో జనం పడమటికి పోవడానికి సాహసమే కారణమంటారు. నేనంతగా నమ్మను. తూర్పున భూమి వాటాలై చిక్కిపోయింది. పడమట అయిదేళ్ళు కాపురముండి సాగు చేస్తే 160 ఎకరాలిస్తామని 1862లో చట్టం వచ్చింది. లెక్క కుదిరింది, బండ్లు కట్టారు.

మనవాళ్ళదీ అదే లెక్క. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఆనకట్టలు వచ్చి వందేళ్ళయ్యేసరికి ఎకరం ధర పెరిగింది, అన్నదమ్ముల వాటా తరిగింది. 1953లో తుంగభద్ర నీళ్ళు వదిలాక డెల్టా రైతులు గంగావతి, సింధనూరు దారి పట్టారు. అంతకుముందే నిజాంసాగర్ కింద బోధన్ చుట్టుపక్కల చేరినవాళ్ళూ ఉన్నారు. డెల్టాలో ఎకరం అమ్మిన డబ్బుకు అక్కడ పలురెట్లు నల్లరేగడి వచ్చేది. అక్కడ నేల అమ్మినవాళ్ళ ఇబ్బంది వాళ్ళది: జొన్న, పత్తి పండించే మెట్టరైతు దగ్గర నేల చదును చేసి, గట్లు పోసి, మళ్ళు కట్టేంత పెట్టుబడి లేదు. వచ్చినవాళ్ళు గుడిసెలు వేసుకున్న చోటల్లా క్యాంపు అయింది. గుడిసెల చోట మేడలు లేచాయి, రైస్ మిల్లులు వచ్చాయి, క్యాంపు పేరు మాత్రం పోలేదు.

అమెరికాలో ఆ నేల ఖాళీగా లేదు. 1830 చట్టంతో మూలవాసులను మిసిసిపీ అవతలికి తరిమారు. తుంగభద్ర కింద మనవాళ్ళు తరమలేదు, కొనుక్కున్నారు. రెక్కలు ముక్కలు చేసుకున్నారు కూడా. కాకపోతే తుంగభద్ర ఎడమ కాలువను కరువు నేలకు పలచగా నీళ్ళు పంచాలని, ఎక్కువగా ఆరుతడి పంటలకని తవ్వారు. ఎగువన వరి నాట్లు పడ్డాయి. మాన్వి, రాయచూరు వైపు చివరి పొలాలకు నీళ్ళు చాలక ఇప్పటికీ తగాదాలే.

మన దగ్గరికీ వచ్చేవాళ్ళున్నారు. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో పనికి వేరే రాష్ట్రాల పిల్లలు వచ్చి ఈ చుట్టుపక్కల అద్దెకుంటున్నారు. వాళ్ళ దగ్గర అడ్వాన్సు ఎంత తీసుకుంటున్నారో ఇంటికెళ్ళి నాన్నను అడగండి. రేపు చెన్నైలో మిమ్మల్ని అడిగే అడ్వాన్సుతో పోల్చుకోవడానికి పనికొస్తుంది.