ఆకలిపై అధికారము

భోజనమునకు సంబంధించినదైనను వంటింటికంటె మనస్సునకే యెక్కువ చెందిన వ్యాధి నొకదానిని గూర్చి ప్రసంగించుచున్నాను.

1873 ప్రాంతమున పారిస్‌లో షార్ల్ లాసేగ్, లండనులో సర్ విలియం గల్ అను వైద్యులు, జీర్ణకోశమున దోషమేదియు కానరాకున్నను అన్నము మాని శుష్కించు యువతులను వర్ణించిరి. ‘అనొరెక్సియా నెర్వోజా’ యను పేరు గల్ పెట్టినదే. లాసేగ్ రచనలో నన్ను మిక్కిలి ఆకర్షించినది రోగి చుట్టునున్న కుటుంబము. పెద్దలు మొదట బతిమాలుదురు, పిమ్మట గద్దింతురు; రుచిగల పదార్థములు ఒకదానివెంట నొకటి బల్లమీదికి వచ్చును; బలవంతము హెచ్చినకొలది నిరాకరణమును హెచ్చును; ఇంటిల్లిపాదియు కుములుచుండగా ఆమె యొక్కతె, తనకే బాధయు లేదని, నిశ్చింతగా కూర్చుండును.

ఈ నిశ్చింతకు మూలము వెదకినవారిలో జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన హిల్డె బ్రూక్ అగ్రగణ్య. తన దేహమెంత కృశించినదో కనుగొనలేకపోవుట, ఆకలిని అలసటను ఉన్నవున్నట్లు గుర్తింపలేకపోవుట, తనవలన ఏదియు కాదను గాఢమైన అశక్తతాభావము, ఈ మూడింటిని ఆమె 1962లో ప్రకటించిన వ్యాసమున ప్రధానముగా నెంచెను. ఆమె చూచిన బాలికలు పలువురు చెప్పినమాట జవదాటనివారు, చదువున ముందుండువారు. అన్ని విషయములందును పరుల యిచ్చకు లోబడినవారికి తూకమొక్కటే స్వాధీనమైన రాజ్యముగా తోచినది. మన యిండ్లలోను “మా అమ్మాయి నోరు తెఱచి ఏదీ అడుగదు” అని తల్లులు మురియుట వినుచుందుము. ఆ మాట విన్నప్పుడెల్ల నేను కొంచెము జంకుదును. ఏకాదశీ వ్రతస్థురాలిని మాత్రము ఈ కోవలో చేర్చరాదు: ఆమె ద్వాదశి పారణకు ఎదురుచూచును, ఈ బాలిక పారణకే భయపడును.

అతిగా తిని వాంతి చేసికొను ‘బులీమియా’ను 1979లో లండన్ వైద్యుడు జెరాల్డ్ రస్సెల్ వేరుగా నిరూపించెను. అందు నిగ్రహముతోపాటు ఆవేశపరత్వమును తరచుగా కానవచ్చును.

అయితే రోగియందు కన్పట్టు ప్రతి లక్షణమును పుట్టుస్వభావమునకే అంటగట్టుట న్యాయము కాదు. 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్, యుద్ధమున ఆయుధము పట్టనొల్లక స్వచ్ఛందముగా వచ్చిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారములు అర్ధాహారము పెట్టి పరీక్షించెను. వారు వంటపుస్తకములు ప్రోగుచేసిరి. పళ్లెము ముందు గంటలకొలది జాగుచేసిరి. చిఱాకుపడిరి, స్నేహములకు దూరమైరి. ముందెన్నడును లేని యీ బుద్ధులు వారికి ఆకలి నేర్పినవే.

కావున ముందు పోషణము సమకూర్చి, పిదప స్వభావమును తూచుట యుక్తము. బరువు తిరిగి వచ్చినకొలది వంటపుస్తకముల వ్యామోహము సడలును. నోటుపుస్తకమున నొక్క కొట్టివేతనైనను సహింపజాలని పరిపూర్ణతాకాంక్ష మాత్రము, జబ్బునకు ముందు బాల్యముననే యున్నట్లు, కోలుకొనిన పిమ్మటను పలువురియందు నిలిచియుండును.