రికార్డింగులో గుంయిమను రొద

అమ్మమ్మ పాడిన లాలిపాటను ఇంట రికార్డు చేసితిరి. తిరిగి వినగా పాట వెంట గుంయిమను రొద వినవచ్చుచున్నది. కారణమేమి?

మిక్సరు ఒక గోడప్లగ్గు నుండియు, ల్యాప్‌టాప్ వేరొక గోడప్లగ్గు నుండియు విద్యుత్తును గైకొనుచున్నవి. రెండింటికిని ఎర్తు కలదు. వానిని కలుపు ఆడియో తీగ యొక్క లోహపు తొడుగుతో ఎర్తు వలయము పూర్తియగును. అందు పారు స్వల్ప విద్యుత్తే, మన దేశమున సెకనుకు 50 ఆవృత్తుల రొదగా వినబడును.

పరీక్ష సులభము. చార్జరును తీసి ల్యాప్‌టాప్‌ను బ్యాటరీపై నడిపింపుడు. రొద ఆగినచో దోషము వలయమందేయని ఊహింపవచ్చును. అప్పుడు పరికరములన్నిటిని ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలింపుడు. అప్పటికిని పోనిచో ఆడియో తీగ నడుమ ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు నుంచుడు.

ఒక్క హెచ్చరిక. రొద పోవునని మూడు పిన్నుల ప్లగ్గులోని ఎర్తు తీగను మాత్రము తెంపకుడు. రొద పాటను చెరచును; ఎర్తు లేని పరికరము ప్రాణమునే హరింపవచ్చును.