ఫోటోని జేపీజీలోకి మార్చాలా? అప్‌లోడ్ కొట్టే ముందు ఒక్క నిమిషం

ఈరోజు టాపిక్ చూడ్డానికి చాలా చిన్నది. ఫోన్‌లో ఉన్న ఫోటోని ఒక ఫార్మాట్ నుంచి ఇంకో ఫార్మాట్‌లోకి మార్చడం. గూగుల్‌లో కొడితే వంద సైట్లు వస్తాయి, ఇందులో చెప్పడానికి ఏముంది అనుకుంటున్నారా? పోయిన నెల దాకా నేనూ అలాగే అనుకున్నాను.

పోయిన నెల ఒకరోజు రాత్రి పదిన్నరకి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. హాస్టల్‌లో ఉండి పోటీ పరీక్షలకి చదువుతోంది. "అన్నా, పడుకున్నావా?" అంది. గొంతు వింటేనే అర్థమైంది ఏదో అయిందని. ఆరోజు రాత్రి 12 గంటలకి ఒక ఉద్యోగ పరీక్ష అప్లికేషన్ ఆఖరు. వివరాలన్నీ నింపేసింది. ఫోటో దగ్గర ఆగిపోయింది. ఫైల్ ఫార్మాట్ చెల్లదు అని ఎర్ర అక్షరాల్లో వస్తోందట.

"ఫైల్ పేరు చివర ఏముంది?" అని అడిగాను.

"ముందు హెచ్ఈఐసీ అని ఉండేది అన్నా. నేనే అది తీసేసి జేపీజీ అని రాశాను. అయినా తీసుకోవట్లేదు."

ఇక్కడ ఒక నిమిషం ఆగుదాం. ఇదే తప్పు చాలామంది చేస్తారు. పేరు మారిస్తే ఫార్మాట్ మారదు ఫ్రెండ్స్. పెరుగు డబ్బా మీద నెయ్యి అని రాస్తే లోపల ఉన్నది నెయ్యి అయిపోతుందా? ఫైల్ కూడా అంతే. ప్రతి ఇమేజ్ ఫైల్ మొదట్లోనే అది ఏ రకమో తెలిపే గుర్తు ఉంటుంది. పీఎన్‌జీ ఫైల్ అయితే మొదటి నాలుగు బైట్లలోనే పీ, ఎన్, జీ అనే మూడు అక్షరాలు ఉంటాయి. చాలా అప్లికేషన్ సైట్లు పైన పేరుతో పాటు ఆ లోపలి గుర్తు కూడా చూస్తాయి. రెండూ కలవకపోతే వెనక్కి కొట్టేస్తాయి.

మరి ఈ హెచ్ఈఐసీ ఎక్కడి నుంచి వచ్చింది? 2017లో ఐఓఎస్ 11తో ఐఫోన్లలో వచ్చింది. జేపీజీతో పోలిస్తే అదే ఫోటో చాలా తక్కువ చోటులో పడుతుంది, ఫోన్ తొందరగా నిండదు. మంచిదే. కానీ జేపీజీ 1992 నాటి ప్రమాణం. ముప్పై ఏళ్లకు పైగా ప్రతి కంప్యూటరూ, ప్రతి సైటూ దానికి అలవాటు పడ్డాయి. అందుకే ఫామ్‌లన్నీ ఇంకా జేపీజీనే అడుగుతాయి. ఇంకో మాట, జేపీజీ, జేపీఈజీ రెండూ ఒకటే. పాత కంప్యూటర్లలో ఫైల్ పేరు చివర మూడు అక్షరాలే పట్టేవి కాబట్టి ఒక 'ఈ' ఎగిరిపోయింది, అంతే.

సరే, మళ్లీ మా చెల్లి దగ్గరికి వద్దాం. పేరు మార్చడం పని చేయకపోయేసరికి తను గూగుల్‌లో వెతికి, పైన వచ్చిన సైట్ ఏదో ఓపెన్ చేసింది. ఎలాగూ అన్నీ మార్చాలి కదా అని ఫోటో, సంతకం, పదో తరగతి మెమో, ఆధార్ కార్డు, నాలుగూ ఒకేసారి అప్‌లోడ్ చేసేసింది. పెద్ద ఆకుపచ్చ డౌన్‌లోడ్ బటన్ కనిపిస్తే నొక్కింది.

"ఏదో దిగింది అన్నా, ఓపెన్ అవ్వట్లేదు. నా ఫోన్ పాతది కదా. మా రూమ్మేట్‌ది ఆండ్రాయిడ్, దాన్లో వేసి చూడనా?"

"దాని పేరు చివర ఏముందో చదువు."

"ఏ, పీ, కే."

నాకు ఒళ్లు చల్లబడింది. ఏపీకే అంటే ఫోటో కాదు ఫ్రెండ్స్, ఆండ్రాయిడ్ యాప్. ఆ పచ్చ బటన్ తన ఫోటోలది కాదు, పక్కనున్న యాడ్‌ది. ఐఫోన్ కాబట్టి అది తెరుచుకోలేదు. ఆ రూమ్మేట్ ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేసి, అడిగిన పర్మిషన్లన్నీ ఇచ్చి ఉంటే? ఆ అమ్మాయి ఓటీపీలు, బ్యాంకు మెసేజ్‌లు అన్నీ ఆ ఫోన్‌లోనే ఉంటాయి. "అమ్మా, దాన్ని ముట్టుకోకు, ముందు డిలీట్ చెయ్" అన్నాను.

ఇది నేను భయపెట్టడానికి చెబుతున్నది కాదు. 2025 మార్చిలో అమెరికాలో ఎఫ్‌బీఐ డెన్వర్ ఆఫీసు ఇదే విషయం మీద హెచ్చరిక ఇచ్చింది. ఉచితంగా ఫైళ్లు మార్చి ఇస్తామనే కొన్ని సైట్లు ఆ ముసుగులో మాల్వేర్ పంపుతున్నాయని, మనం ఎక్కించిన ఫైళ్లలోంచి వ్యక్తిగత వివరాలు లాగుతున్నాయని. అన్ని సైట్లూ దొంగవి అని కాదు. బాగా నడిచేవీ ఉన్నాయి. కానీ రాత్రి పదకొండు గంటలకి, కంగారులో, ఏది మంచిదో ఏది కాదో మనం తేల్చుకోలేం. అదీ సమస్య.

అప్పటికి టైమ్ 10:50. తన ఫోన్‌లోనే, ఏ సైట్ అవసరం లేకుండా మార్చించాను. మీరూ రాసుకోండి.

ఐఫోన్‌లో ఐఓఎస్ 16 లేదా ఆ తర్వాతది ఉంటే, ఫోటో ఓపెన్ చేసి షేర్ నొక్కి, 'సేవ్ టు ఫైల్స్' కొట్టండి. ఫైల్స్ యాప్‌లోకి వెళ్లి ఆ ఫోటో మీద వేలు కాసేపు నొక్కి పట్టండి. 'క్విక్ యాక్షన్స్', అందులో 'కన్వర్ట్ ఇమేజ్'. జేపీఈజీ ఎంచుకోండి. అయిపోయింది. ఇంటర్నెట్ అక్కర్లేదు. అసలు ఇకముందు ఫోటోలు జేపీజీలోనే రావాలంటే సెట్టింగ్స్, కెమెరా, ఫార్మాట్స్‌లోకి వెళ్లి 'మోస్ట్ కంపాటిబుల్' పెట్టుకోండి. ఆండ్రాయిడ్‌లో చాలా ఫోన్లు జేపీజీలోనే తీస్తాయి. కొన్నింటిలో కెమెరా సెట్టింగ్స్‌లో 'హై ఎఫిషియెన్సీ' అని ఒక ఆప్షన్ ఉంటుంది, అది ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి. ల్యాప్‌టాప్ ఉంటే ఇంకా సులువు. జేపీజీ, పీఎన్‌జీ మధ్య మార్చడానికి విండోస్‌లో పెయింట్ తెరిచి 'సేవ్ యాజ్' కొడితే చాలు.

జేపీజీ అయింది. మళ్లీ ఎర్ర అక్షరాలు! ఈసారి సైజు ఎక్కువ అని. ఇక్కడే సగం మంది ఏడుస్తారు. కాబట్టి కొంచెం లెక్క చూద్దాం.

ఉదాహరణకి ఐబీపీఎస్ బ్యాంకు పరీక్షల నోటిఫికేషన్లలో ఫోటో 200 బై 230 పిక్సెల్స్, 20 నుంచి 50 కేబీ అని ఉంటుంది. సంతకం 140 బై 60, 10 నుంచి 20 కేబీ. మీ పరీక్షకి ఎంతో మీ నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఇప్పుడు 12 మెగాపిక్సెల్ ఫోటో అంటే 4032 బై 3024. అంటే కోటీ ఇరవై లక్షల చుక్కలు. ఫామ్ అడిగేది 200 ఇంటూ 230, అంటే 46 వేల చుక్కలు. కోటీ ఇరవై లక్షల చుక్కలు అలాగే ఉంచి, క్వాలిటీ మాత్రం తగ్గించి 50 కేబీలో కుక్కితే ఏమవుతుంది? ముఖం అంతా గళ్లు గళ్లుగా పగిలిపోతుంది. ఎందుకంటే జేపీజీ ఫోటోని 8 బై 8 గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో మన కంటికి పెద్దగా ఆనని వివరాలు తీసేస్తుంది. మరీ ఎక్కువ నొక్కితే ఆ గళ్లే బయటపడతాయి.

అందుకే వరుస గుర్తుపెట్టుకోండి. ముందు క్రాప్. వెడల్పు 20 అయితే ఎత్తు 23 ఉండేలా, ముఖం, భుజాలు మాత్రం. తర్వాత రీసైజ్, అంటే పిక్సెల్స్ తగ్గించడం. చివర్లో క్వాలిటీ. ఈ వరుసలో వెళ్తే ముఖం స్పష్టంగా ఉండి కూడా 50 కేబీ లోపే వస్తుంది. 20 కంటే తక్కువ వచ్చిందా, క్వాలిటీ కొంచెం పెంచండి.

ఇంకోటి. ప్రతిసారీ ఒరిజినల్ నుంచే మొదలుపెట్టండి. తగ్గించిన జేపీజీని మళ్లీ తగ్గించడం అంటే జిరాక్స్‌కి జిరాక్స్ తీయడమే. అలాగే మసకగా ఉన్న జేపీజీని పీఎన్‌జీ చేస్తే క్లారిటీ వస్తుందని కొందరు అనుకుంటారు. రాదు. మాసిపోయిన జిరాక్స్‌కి లామినేషన్ చేయించినట్టు, ఉన్నది ఉన్నట్టు ఉంటుంది, ఫైల్ మాత్రం బరువెక్కుతుంది. పీఎన్‌జీ దేనికి మంచిదంటే లోగోలు, స్క్రీన్‌షాట్లు, వెనక బ్యాక్‌గ్రౌండ్ లేని బొమ్మలకి. వాటిని జేపీజీ చేస్తే ఖాళీ ఉన్నచోట తెలుపో నలుపో వచ్చేస్తుంది, ఎందుకంటే జేపీజీకి పారదర్శకత తెలియదు.

ఈ రీసైజ్, క్వాలిటీ పని కోసం నేను తనకి చెప్పింది స్కూష్. గూగుల్ క్రోమ్ టీమ్ చేసిన ఉచిత వెబ్ యాప్. అందులో మీ ఫోటో ఎక్కడికీ వెళ్లదు, పనంతా మీ ఫోన్ బ్రౌజర్‌లోనే జరుగుతుంది. క్వాలిటీ గీతని జరుపుతూ ఉంటే ఎన్ని కేబీలో అక్కడే కనిపిస్తుంది.

మరి వేరే సైట్ వాడాల్సి వస్తే? మన ఫైల్ వాళ్ల సర్వర్‌కి వెళ్తోందో లేదో ఎలా తెలుస్తుంది? చిన్న పరీక్ష ఉంది. ఏదైనా చెట్టు ఫోటోనో, పువ్వు ఫోటోనో తీసుకోండి. సైట్ పూర్తిగా తెరుచుకున్నాక వైఫై, డేటా రెండూ ఆపేసి, అప్పుడు ఆ ఫోటో పెట్టి మార్చమనండి. మార్చి ఇచ్చిందా, పని మీ ఫోన్‌లోనే జరుగుతోంది. తిరుగుతూ ఉండిపోయిందా, అది సర్వర్‌కి పంపే సైట్ అనే అనుకోండి. చెట్టు ఫోటో అయితే పర్లేదు, ఆధార్ మాత్రం అందులో పెట్టకండి. సొంత ఫోటో మార్చుకునేటప్పుడు కూడా డేటా ఆపే చేయండి, పని అయ్యాక ట్యాబ్ మూసేసి అప్పుడు ఆన్ చేయండి.

మా చెల్లి అప్లికేషన్ 11:40కి సబ్మిట్ అయింది. కన్ఫర్మేషన్ పేజీ స్క్రీన్‌షాట్ పంపి, "థాంక్స్ అన్నా, బతికించావ్" అంది. కాసేపటికి మళ్లీ మెసేజ్ పెట్టింది. "అన్నా, మరి ఆ సైట్‌లో పెట్టిన ఆధార్?"

నా దగ్గర మంచి జవాబు లేదు. జిరాక్స్ షాపులో కాగితం మర్చిపోతే పొద్దున్నే వెళ్లి తెచ్చుకోవచ్చు. ఇక్కడ షాపు ఎక్కడుందో కూడా తెలియదు. ఆ సైట్‌లో కింద గంటలో డిలీట్ చేస్తాం అని రాసి ఉందట. చేశారో లేదో మనం చూడలేం. చేయగలిగింది చేశాం. ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్స్ లాక్ చేయించాను. ఇకనుంచి ఫామ్ ఒప్పుకునే చోట మాస్క్‌డ్ ఆధారే ఇవ్వమన్నాను. అందులో మొదటి 8 అంకెలు దాచి, చివరి 4 మాత్రమే కనిపిస్తాయి. ఆధార్ కోసం ఓటీపీ అడుగుతూ ఎవరు ఫోన్ చేసినా చెప్పొద్దు అన్నాను. అంతకంటే ఏం చేయగలం? పంపింది వెనక్కి రాదు.

తను తెలివితక్కువ పిల్ల కాదు ఫ్రెండ్స్. లెక్కల్లో నాకంటే ఫాస్ట్. ఆ గంటన్నర టెన్షనే తనతో అదంతా చేయించింది. అందుకే నా మాట ఒక్కటే. ఆఖరి రోజు దాకా ఆగకండి. ఈరోజే, ఖాళీగా ఉన్నప్పుడే, ఫోటో, సంతకం సరైన కొలతల్లో జేపీజీ చేసుకుని ఫోన్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. ఐదు నిమిషాల పని.

మీ ఇంట్లోనో హాస్టల్‌లోనో పరీక్షలకి అప్లై చేసేవాళ్లు ఉంటే ఈ వీడియో వాళ్లకి పంపండి. మళ్లీ కలుద్దాం. అప్పటిదాకా జాగ్రత్త, ఉంటాను.