బండి తాళం చేతికిచ్చిన మర్నాడు

 

"మాట్లాడేది తెలుగులోనే మాట్లాడండి, మా పిల్లల్లో చాలామంది ఇళ్లలో అదే భాష" అన్నారు మీ ప్రిన్సిపాల్ గారు. ఆ ఒక్క మాటకే నా కడుపు నిండింది. బాగలూరు, వేపనపల్లి, తళి, దెంకణికోట వైపు నుంచి వచ్చినవాళ్లు ఇవాళ పట్టా అందుకున్న మీలో ఎందరో ఉన్నారు. బడిలో ఏ భాషలో చదివినా, వేలికి దెబ్బ తగిలితే మన నోట వచ్చేది "అమ్మా, అబ్బా" అనే ఈ భాషే.

నేను ఐటీఐ ఫిట్టర్‌ని. ముప్పై ఏళ్లుగా హోసూరులో చిన్న వర్క్‌షాపు నడుపుతున్నాను. స్కూటర్లకు గేర్లు, కిక్ షాఫ్టులు చేసి పెద్ద కంపెనీలకు ఇచ్చేవాళ్లం. ఇవాళ మీలో సగం మంది చేరబోయే కంపెనీల గురించి, అవి చేసే కరెంటు బండి గురించి, నా లేత్ పక్కన నిలబడి చూసింది చెబుతాను.

ఈ ఊరికి బండ్లు కొత్త కాదు. ఇద్దరు కూర్చునే మోపెడ్‌ను దేశంలో మొదటిసారి, 1980లో, టీవీఎస్ 50 పేరుతో బయటికి పంపింది హోసూరే. పాల క్యాన్లు, అరటి గెలలు, గడ్డి మోపులు దాని మీద వెళ్లాయి. ఆ టీవీఎస్సే 2020 జనవరిలో ఐక్యూబ్ అనే కరెంటు స్కూటర్ తెచ్చింది. ఐఐటీ మద్రాసులో చదివిన తరుణ్ మెహతా, స్వప్నిల్ జైన్ 2013లో మొదలుపెట్టిన ఏథర్ 2021లో తన ఫ్యాక్టరీని హోసూరుకు తెచ్చుకుంది. ఓలా 2020 డిసెంబరులో తమిళనాడు ప్రభుత్వంతో 2,400 కోట్ల ఒప్పందం చేసుకుని, మన కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలో 500 ఎకరాల్లో ఫ్యాక్టరీ కట్టింది. చీరల పోచంపల్లి అనుకుని అడిగే చుట్టాలకు నేను చాలాసార్లు విడమరిచి చెప్పాల్సి వచ్చింది. 2023లో శూలగిరిలో సింపుల్ ఎనర్జీ వచ్చింది. ఇన్ని కరెంటు బండ్ల కంపెనీలు ఇంత దగ్గర దగ్గరగా ఉన్న జిల్లా దేశంలో ఇంకెక్కడుంది?

జనానికి ఈ బండి నచ్చిందా అంటే, నచ్చింది. అందులో నాకు రవ్వంత అనుమానం లేదు. మా వర్క్‌షాపులో క్వాలిటీ చూసే అమ్మాయి ఒకామె ఉంది. శూలగిరి నుంచి రోజూ రాను పాతిక, పోను పాతిక కిలోమీటర్లు. పాత పెట్రోలు స్కూటర్ లీటరుకు నలభై ఐదు ఇచ్చేది. నెలకు 1,300 కిలోమీటర్లు, పెట్రోలు ఖర్చు మూడు వేలకు కాస్త తక్కువ. కరెంటు బండికి వంద కిలోమీటర్లకు మూడున్నర యూనిట్లు, యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా నెలకు నాలుగు వందలు దాటదు. మిగిలిన రెండున్నర వేలు ఈఎంఐలో ముప్పాతిక వంతు కట్టేస్తాయి. ఈ లెక్క నాకు చెప్పింది ఆమే, టీ గ్లాసు కింద పెట్టి, డెలివరీ చలానా వెనక పెన్సిల్‌తో వేసి చూపించింది. గేర్లు లేవు, శబ్దం లేదు, సీటు కింద హెల్మెట్టూ అన్నం క్యారియరూ రెండూ పడతాయి, ఇరుకు సందులో బండి తొయ్యకుండానే వెనక్కి వస్తుంది. బండి కొన్న వారం రోజులూ ఆమె ముఖంలో ఉన్న వెలుగు నేను మరిచిపోలేదు.

ఇంజినీర్లు కాబట్టి మీకు ఇంకో సంగతి చెప్పాలి. కృష్ణగిరి నుంచి హోసూరుకు యాభై కిలోమీటర్లు. కానీ హోసూరు కృష్ణగిరి కన్నా సుమారు 400 మీటర్లు ఎత్తులో ఉంది. ఇద్దరు కూర్చున్న బండి ఆ ఎత్తు ఎక్కడానికే పావు యూనిట్‌కు పైగా అదనపు కరెంటు తింటుంది. మూడు యూనిట్ల బ్యాటరీలో అది చిన్న ముక్క కాదు. కిందికి దిగేటప్పుడు మీటరులో చూసిన అంకె నమ్ముకుని తిరుగు ప్రయాణం కట్టినవాళ్లు దారిలో ఏ టీ కొట్టు దగ్గరో ప్లగ్గు కోసం బతిమాలుకోవడం నేను చూశాను. కాగితం మీద ఎన్ని కిలోమీటర్లని రాశారో కాదు, ఈ ఎక్కుడు దారిలో, ఎండలో, వెనక సీట్లో అమ్మను కూర్చోబెట్టుకుంటే ఎంత వస్తుందో కొనేవాడికి ముందే చెప్పాలి.

ఇంత నచ్చిన బండి చేసే ఓలా, ఏథర్ లాంటి కంపెనీలకు డబ్బు ఎందుకు మిగల్లేదు? 2024–25లో ఓలా ఎలక్ట్రిక్ నష్టం 2,276 కోట్లు. ఏథర్ నష్టం 812 కోట్లు. అమ్మిన బండ్లతో భాగించి చూడండి. ఓలాకు ఒక్కో బండికి అరవై వేలకు పైన, ఏథర్‌కు యాభై వేలకు పైన పడుతుంది. అదంతా బండి తయారీలో పోయిన డబ్బు కాదు. పరిశోధన, కొత్త షోరూములు, ఓలాకైతే బ్యాటరీ సెల్ ఫ్యాక్టరీ కూడా అందులోనే ఉన్నాయి. అయినా ఆ అంకె చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ డబ్బు గొలుసులో నా వర్క్‌షాపు, నా దగ్గర పనిచేసే పద్దెనిమిది మంది కూడా ఉన్నారు.

కారణాల్లో పెద్దది సబ్సిడీ తగ్గడం. 2023 మే నెలాఖరు దాకా ఫేమ్ రెండో పథకం కింద బ్యాటరీలో ప్రతి యూనిట్ సామర్థ్యానికి కేంద్రం 15,000 రూపాయలిచ్చింది. మూడు యూనిట్ల బండికి 45,000. జూన్ ఒకటి నుంచి అది 10,000కు, అదీ ఫ్యాక్టరీ ధరలో 15 శాతం మించకుండా, తగ్గింది. ఆ నెల దేశమంతటా అమ్మకాలు అంతకుముందు నెలలో సగం కూడా లేవు. 2025 ఏప్రిల్‌లో అది యూనిట్‌కు 2,500కు, బండికి మొత్తం 5,000కు దిగింది. 2025 సెప్టెంబరు 22న చిన్న పెట్రోలు బండ్ల జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది, కరెంటు బండికి అప్పటికే ఐదు. అంటే పెట్రోలు బండి ధర దగ్గరికొచ్చింది, సర్కారు చెయ్యి దూరం జరిగింది. సెల్స్ చాలావరకు ఇప్పటికీ బయటి దేశాల నుంచే రావాలి.

2023 జూన్ నా లెడ్జర్‌లో ఇంకా అట్లే ఉంది. గేర్లకు గిరాకీ తగ్గుతుందని తెలిసి, అంతకుముందే బ్యాంకులో అప్పు చేసి సీఎన్‌సీ మిషన్ కొన్నాను. మోటారు హౌసింగుల ఆర్డరు ఇస్తామని ఒక కంపెనీ మాట ఇచ్చింది. ఆ కంపెనీ పేరు ఇక్కడ వద్దు. జూన్‌లో ఆర్డరు సగమైంది. అంతకుముందు ఇచ్చిన సరుకు బిల్లు 140 రోజులకు గానీ రాలేదు. ఆ నాలుగున్నర నెలలూ జీతాలకు మా ఆవిడ గాజులు తాకట్టులో ఉన్నాయి. చిన్న పరిశ్రమకు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని 2006 నుంచీ చట్టం ఉంది. గడువు దాటిస్తే, డబ్బు నిజంగా కట్టిన ఏడాదిలోనే ఆ ఖర్చును పన్ను లెక్కలో చూపించుకోగలరని 2023–24 లెక్కల నుంచి ఆదాయపు పన్ను చట్టంలోనూ చేర్చారు. మీలో కొనుగోళ్ల విభాగంలో చేరేవాళ్లు ఆ 45 అనే అంకెను బల్ల మీద రాసి పెట్టుకోండి. అవతల ఎవరి ఇంట్లోనో గాజులుంటాయి.

కానీ నన్ను ఎక్కువ బాధపెట్టింది అది కాదు. ఆ శూలగిరి అమ్మాయి బండి ఎనిమిదో నెలలో ఆగిపోయింది. సర్వీసు సెంటరులో పెట్టింది. ఒక విడిభాగం రావాలన్నారు. ఇరవై మూడు రోజులు. రోజూ ఫోను, రోజూ "రేపు రండి మేడం". ఈఎంఐ కట్టాల్సిందే, పైగా రెండు బస్సులు మారి రావాలి, రెండుసార్లు ఆలస్యమైంది. "బండి బాగుందా" అని నేను అడిగితే, "బండి చాలా బాగుంటుంది సార్, నా దగ్గర ఉంటే" అంది. ఆమె గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

ఇది ఆమె ఒక్కరి కథ కాదు. ఓలా మీద ఏడాదిలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు పది వేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయని, 2024 అక్టోబరులో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నోటీసిచ్చింది. దాదాపు అన్నీ పరిష్కరించామని కంపెనీ చెప్పింది. జనం మాత్రం తమ తీర్పు షోరూముల్లో ఇచ్చారు. 2024 ఏప్రిల్‌లో దేశంలో అమ్ముడైన కరెంటు స్కూటర్లలో సగం ఓలావే. ఏడాది తిరిగేసరికి, 2025 ఏప్రిల్‌లో, నెల అమ్మకాల్లో టీవీఎస్ ముందుకొచ్చింది. పల్లె పల్లెనా పాత డీలరు, పాత మెకానిక్కు ఉన్న కంపెనీ అది. 2024 ఆగస్టులో 76 రూపాయలకు అమ్మిన ఓలా షేరు మొదట రెట్టింపై, తర్వాతి ఏడాది యాభై కిందికి దిగింది. 2024లో ఏథర్ తెచ్చిన రిజ్టా స్కూటర్ మీద ఇంటిల్లిపాదీ ఎక్కుతున్నారు. జనం కరెంటు బండిని వదలలేదు. తమను వదిలేసిన కౌంటరును వదిలారు.

నష్టాల గురించి మాట్లాడేవాళ్లు బ్యాటరీ ధర, సబ్సిడీ, పెట్టుబడి అంటారు. అవన్నీ నిజమే. వాటిని దించే తెలివి మీకుంది, మీ చదువు అందుకే. కానీ ఆగిన బండి ఖర్చు కూడా ఆ లెక్కలోనే ఉంది. వారంటీలో మార్చిన ప్రతి విడిభాగం, పోగొట్టుకున్న ప్రతి పక్కింటి కొనుగోలుదారు, కంపెనీ నష్టంలోనే రాయాలి. ఆ అమ్మాయి వీధిలో ఇంకో ఇద్దరు కొనాలనుకున్నారు. కొనలేదు.

ఏడాదికో రెండేళ్లకో మీలో ఒకరు సర్వీసు మేనేజరు కుర్చీలో కూర్చుంటారు. శూలగిరి నుంచి వచ్చిన ఒక అమ్మాయి బండి తాళం మీ బల్ల మీద పెడుతుంది. ఆమెకు ముందు ఒక తేదీ చెప్పండి. ఆ తేదీకి బండి ఇవ్వండి. ఇవ్వలేకపోతే, ఆమె ఫోను చేసేలోపు మీరే చేయండి.