విదేశపు బాయిలరు – ఉక్కునకు జన్మపత్రము

చేజర్ల, ఆత్మకూరు ప్రాంతములలో వరి పండించు రైతులకు ఉప్పుడుబియ్యపు మిల్లు ఎరుగనిది కాదు. నానిన ధాన్యమును ఉడికించు ఆవిరి బాయిలరునుండియే వచ్చును. అట్టి మిల్లు యజమాని ఒకరు విదేశములో తయారైన పాత బాయిలరును చవుకగా కొన్నారనుకొందము. తుప్పు లేదు, తయారీదారుని ముద్ర స్పష్టముగానున్నది. అయినను రిజిస్ట్రేషనుకు వచ్చిన తనిఖీ అధికారి దాని ఉక్కు పత్రములేవి అని అడుగును.

ఇది వట్టి కాగితాల పిచ్చి అని విసుగుకొనువారు కలరు. కాని 1863లో కలకత్తాలో బాయిలరు ప్రేలి పలువురు మరణించిన పిదపనే, 1864లో బెంగాలునందు తనిఖీ చట్టము వచ్చినది. దేశమంతటికిని 1923లో చట్టము, 1950లో నిబంధనలు ఏర్పడినవి. 2025లో పార్లమెంటు పాత చట్టమునకు బదులు కొత్త చట్టము చేసినది.

ఉక్కు ఏ పోతలోనిది, అందులో ఏ ధాతువు ఎంత, ఎంత లాగిన తెగును – ఇవి ఉక్కు కర్మాగారమువారు వ్రాసియిచ్చు పత్రములో నుండును. ఆ పోత సంఖ్యయే రేకుమీదను ఉండవలెను. లేనియెడల పత్రము మరియొక రేకుది కావచ్చును.

పత్రమున్నను చిక్కు తీరదు. అమెరికా నియమావళిలో ఎస్.ఎ. 516, 70వ శ్రేణి అను ఉక్కు కలదు. చదరపు అంగుళమునకు 70,000 పౌనుల లాగుడును అది తట్టుకొనవలెను. దానిని 3.5తో భాగించి, 20,000 మించి భారము మోపరాదని అమెరికావారందురు. ఐరోపావారి భాజకము 2.4, మనది 2.7, అయితే ఈ ఇరువురును ఉక్కు సాగనారంభించు బలమును 1.5తో భాగించి, రెండింటిలో తక్కువదానిని గైకొందురు. కనుక ఒక దేశమున చాలిన మందము మరియొక దేశమున చాలకపోవచ్చును.

ఇంతకన్న సూక్ష్మమైనది కర్బనము. అది హెచ్చినకొలది వెల్డింగు చేసినచోట ఉక్కు పెళుసెక్కి పగుళ్లు వారును. వెల్డింగు చేయు మామూలు ఉక్కులో అది 0.25 శాతము మించరాదని మన నిబంధన. పైన చెప్పిన అమెరికా శ్రేణి 0.27 శాతమును, మందపు రేకులలో అంతకుమించియు అనుమతించును. శ్రేణి పేరు చూచి సరియనుకొన్నవారు ఇచ్చటనే చిక్కుకొందురు. పత్రములోని అసలు అంకె 0.22 అయినచో భయము లేదు.

పత్రము పోయినచో ముక్క కోసి పరీక్షింపవచ్చును. కాని ఆ ముక్క తన రేకును గూర్చియే సాక్ష్యమిచ్చును. ప్రక్క రేకు వేరు పోతలోనిది కావచ్చును. బేరమాడుటకు ముందే రంగు గీకించి, రేకుమీది అంకెలను పత్రముతో సరిచూచుకొనుట మేలు. విదేశపు అమ్మకందారు అందుకు ఒప్పుకొననిచో, ఆ చవుకకు కారణమేమో అప్పుడే తెలియును.