దగ్గుకు కారణం ఒక్కటే కాకపోవచ్చు



మన పాఠశాల ప్లాటినం ఉత్సవాలలో భాగంగా ఏర్పాటైన ఈ ఆరోగ్య గోష్ఠిలో నన్ను కూడా నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను వైద్యురాలిని కాను; జీవశాస్త్రం బోధించే ఉపాధ్యాయినిని. అయితే బడికి రాని పిల్లల ఇళ్ళకు వెళ్ళి విచారించడం నా పనులలో ఒకటి. మగ్గాల పని, బీడీల పని జీవనాధారంగా గల వేలూరు, గుడియాత్తం ప్రాంతం మనది. చాలా ఇళ్ళలో నాకు మొదట వినవచ్చేది దగ్గు. "క్షయ మళ్ళీ తిరగబెట్టిందమ్మా" అంటారు ఇంటివారు. ఆ మాట అన్నివేళలా నిజం కాదని చెప్పడానికే ఈ ప్రసంగం.

క్షయ నయమైన తరువాత కూడా కొందరి ఊపిరితిత్తులలో డొల్లలు మిగిలిపోతాయి. ఆస్పర్జిల్లస్ అనే బూజుకు అవి అనువైన చోట్లు. నిలవ ధాన్యంలో, తడిసిన గడ్డిలో, కుళ్ళిన ఆకులలో పెరిగే ఈ బూజును సూక్ష్మదర్శినిలో చూసి, చర్చిలో పవిత్రజలం చిలికే సాధనాన్ని పోలి ఉన్నదని 1729లో ఇటలీ దేశపు మికెలీ దానికి ఆ పేరు పెట్టాడు. దీని బీజం రెండు మూడు మైక్రాన్లు మాత్రమే. మన తలవెంట్రుక మందంలో ఇంచుమించు ఇరవయ్యవ వంతు. అందరమూ దానిని ప్రతిరోజూ పీలుస్తూనే ఉంటాము. ఆరోగ్యవంతుని ఊపిరితిత్తులు దానిని నిర్మూలిస్తాయి. డొల్లలో చేరిన బీజం మాత్రం అక్కడే మొలిచి, కొందరిలో బంతివలె ముద్ద కడుతుంది. అప్పుడు కనిపించేవి దగ్గు, నీరసం, బరువు తగ్గడం, కళ్ళెలో నెత్తురు. అన్నీ క్షయ లక్షణాలే కదా!

బ్రిటనులో 1960ల చివర, క్షయ తగ్గినా డొల్లలు మిగిలిన 544 మందిని పరీక్షించగా, సుమారు నాలుగవ వంతు మంది రక్తంలో ఈ బూజు జాడ కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన ప్రమాదకర శిలీంధ్రాల పట్టికలో ఇది మొదటి వర్గంలోనే ఉన్నది. అయినా మన వాడుక భాషలో ఈ జబ్బుకు పేరే లేదు. పేరు లేని జబ్బును వెదకేదెవరు? మన పూర్వ విద్యార్థిని తండ్రి, ఒక నేతపనివారు, రెండుసార్లు క్షయ మందులు పూర్తిగా వాడారు. మూడవసారి నెత్తురు పడినప్పుడు కళ్ళెలో క్షయ క్రిములు లేవని తేలింది. ఒక యువ వైద్యుడు బూజు కోసం రక్తపరీక్ష, స్కానింగు చేయించారు. మందు మారింది, నెలల తరబడి వాడవలసి వచ్చింది. ఆయన తిరిగి మగ్గం ఎక్కారు.

బూజు సంగతి ఇది. పురుగుల సంగతి మన ప్రాంత చరిత్రతోనే ముడిపడి ఉన్నది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయ వైద్యులు ఫ్రిమోడ్ట్ మోలర్, బార్టన్ 1940లో ఒక వింత పరిస్థితిని ప్రచురించారు. ఎక్స్‌రే చూస్తే క్షయ వంటి మచ్చలు; క్రిములు మాత్రం లేవు; రక్తంలో ఇసినోఫిల్ అనే తెల్లకణాలు విపరీతంగా పెరిగి ఉన్నవి. దీనికి కారణం బోదకాలు పురుగే. ఇరవై ఏళ్ళ తరువాత, 1960లో, మన వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు వెబ్, జాబ్, గాల్ట్ ఊపిరితిత్తుల కణజాలంలో ఆ పురుగు పిల్లలను చూపించారు. దోమకాటుతో వచ్చే ఈ జబ్బులో రాత్రివేళ దగ్గు, పిల్లికూతలు ఎక్కువ. ఉబ్బసమని పొరబడడం సులభం. గుర్తించిన తరువాత డైఈథైల్ కార్బమజైన్ మాత్రలు సాధారణంగా మూడు వారాలు వాడితే చాలు.

ఇంకొక పురుగు ఉన్నది; పేరు స్ట్రాంగిలాయిడిస్. చెప్పులు లేని పాదాల చర్మం గుండా మట్టిలో నుండి ఒంట్లోకి చేరి, దశాబ్దాలపాటు చప్పుడు చేయకుండా పేగులలో కాపురముంటుంది. ఆయాసానికని స్టెరాయిడ్ మాత్రలు మింగితే శరీర రక్షణశక్తి సన్నగిల్లుతుంది. అప్పుడు పురుగులు పెచ్చుపెరిగి, వాటి పిల్లలు ఊపిరితిత్తుల మీద పడతాయి. ప్రాణం పోవచ్చు. 2021లో కోవిడ్ వెన్నంటి వచ్చిన నల్ల ఫంగస్ మీకు గుర్తుండే ఉంటుంది. ఆ జూన్ చివరికి దేశంలో 40 వేలకు పైగా కేసులు నమోదైనవి. వారిలో చాలామంది మధుమేహులు, స్టెరాయిడ్లు వాడినవారు.

అట్లని స్టెరాయిడ్లను శత్రువులుగా చూడడం సరికాదు. ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగులలో అవి ఎందరి ప్రాణాలనో నిలిపినవి. వైద్యుడు వ్రాసినదానిని మనంతట మనమే హఠాత్తుగా మానడమూ ప్రమాదమే. క్షయ మందులకూ ఇదే వర్తిస్తుంది. అనుమానం కలిగినంత మాత్రాన వాటిని ఆపరాదు. నేను వద్దంటున్నది పక్కింటివారి పాత చీటీ పట్టుకొని మందుల దుకాణానికి పోవడాన్ని. మనలో ఈ అలవాటు బలంగా ఉన్నది. వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు పూర్వం క్షయ వచ్చిన సంగతి, మధుమేహం ఉన్న సంగతి, ఇంతవరకు మింగిన మాత్రల సంగతి దాచకుండా చెప్పండి. చాలామంది క్షయ మాట దాస్తారు, ముఖ్యంగా ఇంట్లో పెళ్ళికి ఎదిగిన ఆడపిల్ల ఉంటే. మందు వాడినా దగ్గు తగ్గకపోతే "ఇంకేదైనా తోడై ఉన్నదా, పరీక్షించండి" అని అడగండి. అడగడం అవిధేయత కాదు.

చివరగా మన ఇంటిపని ఒకటి. ఉత్సవ ప్రదర్శన కోసం వెనుకగదిలోని పాత హాజరు పట్టీలు, పుస్తకాలు బయటికి తీయవలసి ఉన్నది. అవి చెమ్మకు బూజు పట్టి ఉన్నవి. పొడిచీపురుతో దులపవద్దు. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకొని, ఆరుబయట ఎండలో పరచి, తడిగుడ్డతో అట్టలు తుడవండి. ఉబ్బసం గలవారు, పూర్వం క్షయకు మందులు వాడినవారు ఆ గదిలోకి రావద్దు. వారి కోసం వరండాలో బల్ల వేయిస్తాను. పేర్ల చీటీలు వ్రాసే పని వారిది.